నేను చూడని దేశపు భోజనం

నంద్యాలలో నైజీరియా హోటల్ పెట్టారన్న కబురు ఆళ్ళగడ్డకు మోసుకొచ్చింది నేనే. మూడంతస్తుల మేడ అన్నాను. లోపల రెండు వందల మంది ఒకేసారి కూర్చుని తినే హాలు అన్నాను. వాకిట్లో నిలబడి పిలిచే మనిషి ఆరున్నర అడుగులుంటాడని, నన్ను చూడగానే ఎరిగినవాడిలా నవ్వాడని కూడా అన్నాను. నేను చూసింది బస్సు కిటికీలోంచి బోర్డు ఒక్కటే. తర్వాత లోపలికి వెళ్ళినప్పుడు తెలిసింది, అక్కడున్నవి ఆరు బల్లలు. ఒకదాని మీద నీళ్ళ క్యాను పెట్టారు కాబట్టి ఐదే అనుకోవాలి.

ఆళ్ళగడ్డలో రోడ్డు వెంబడి రాతి బొమ్మలు చెక్కే షెడ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదానిలో నేను అక్షరాలు చెక్కుతాను. ప్రారంభోత్సవం పలకలు, గుడికి చందా ఇచ్చినవాళ్ళ పేర్లు, సమాధి రాళ్ళు. యాభై ఏళ్ళ అనుభవం అని చెప్పుకుంటాను. నలభై ఒకటి. రాతి మీద మాత్రం ఇంతవరకూ ఒక్క అబద్ధం చెక్కలేదు. చెక్కితే చెరపడానికి లేదు గనక. నోటిమాటకు ఆ బాధ లేదు.

చాలా ఏళ్ళ కిందట, నైజీరియాలో ఉన్న మనవాళ్ళు అక్కడ గుడి కట్టుకుంటూ మా షెడ్డులో ఒక వినాయకుణ్ణి చెక్కించుకున్నారు. ఆ విగ్రహంతో పాటు నేనూ ఓడెక్కి వెళ్ళానని, రెండేళ్ళు అక్కడే ఉండి వాళ్ళ పలకల మీద ఇంగ్లీషు అక్షరాలు చెక్కి వచ్చానని ఇప్పుడు షెడ్డులో పనిచేసే అందరికీ చెప్పి ఉన్నాను. జరిగింది వేరు. విగ్రహాన్ని సర్దిన చెక్కపెట్టె మీద రంగుతో చిరునామా రాసింది నేను. ఆ పెట్టెతో మద్రాసు రేవు దాకా వెళ్ళింది నేను. కాగితాలు సరిగా లేవని అక్కడ ఆపేస్తే ఇరవై రోజులు సత్రంలో పడుకున్నాను. పెట్టె ఓడెక్కింది. నేను బస్సెక్కి చాగలమర్రిలో మా అక్క ఇంటికి వెళ్ళి, నెల్లాళ్ళు కూర్చుని తిని, ఆళ్ళగడ్డకు తిరిగొచ్చాను. మొదట్లో నైజీరియాలో నెలన్నర ఉన్నానని చెప్పేవాణ్ణి. షెడ్డులో పాతవాళ్ళు తగ్గేకొద్దీ అది రెండేళ్ళయింది. నిజం తెలిసినవాడు ఇప్పుడు ఒక్కడే మిగిలాడు, షెడ్డు యజమాని, మా పెద్ద శిల్పి. ఆయన ఏనాడూ నన్ను పట్టివ్వలేదు.

అక్కడ మనుషులు ఎదురుపడితే 'అపాపా' అని పలకరించుకుంటారని కూడా నేర్పాను. మా మినీ లారీ డ్రైవరు రోజూ పొద్దున నన్ను చూసి చెయ్యెత్తి "అపాపా, తాతా" అనేవాడు. నేను పెట్టె మీద రాసిన చిరునామాలో అది రేవు పేరు. ఆ దేశం గురించి నాకు తెలిసిన మాట అదొక్కటే.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. నష్టం రాబోయింది ఈ ఏడు ఎండాకాలంలో, ఒక అమ్మవారి విగ్రహం దగ్గర.

నంద్యాలలో ఒక కాలనీవాళ్ళు కొత్తగా గుడి కట్టుకుని మూడున్నర అడుగుల అమ్మవారిని మా దగ్గర చెక్కించుకున్నారు. విగ్రహమంతా పూర్తయినా కంటిపాప ఒక్కటి చెక్కకుండా ఆపుతారు. గుడికి చేర్చాక, మరునాడు తెల్లవారుజామున, తెర కట్టి, బంగారు సూదితో పాప గీసి, చిన్న ఉలితో తట్టి తెరుస్తారు. అక్కడ చెయ్యి జారితే దిద్దుకోవడానికి రాయి ఉండదు. ఆరు నెలల పని పోయినట్టే. మా షెడ్డులో ఎన్ని విగ్రహాలు బయటికి వెళ్ళినా కళ్ళు తెరిచింది మా పెద్ద శిల్పి ఒక్కడే. ఈసారి ఆయన చెయ్యి వణుకుతోంది. డాక్టరు మందులిచ్చినా తగ్గలేదు. అందుకని, ఇరవై ఏళ్ళుగా తన దగ్గరే పనిచేస్తున్న శిష్యుడికి మొదటిసారి ఆ సూది ఇచ్చాడు. అతనికి నలభై దగ్గర పడుతోంది. మాట తక్కువ మనిషి. సూది చేతికి తీసుకున్న రోజు పని వదిలి షెడ్డు వెనక్కి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు. నేను వెళ్ళి చూశాను. ఏడుస్తున్నాడని అందరికీ చెప్పాను. ఏడవలేదు, ఊరికే కూర్చున్నాడు.

కళ్ళు తెరిచేవాడికి మా షెడ్డులో పదకొండు రోజుల దీక్ష. పొద్దు నడినెత్తికి వచ్చాక ఒక్క పూట భోజనం. నీచు తగలకూడదు. కంచం ముందు కూర్చుని చుట్టూ నీళ్ళు తిప్పితే అదే ఆ రోజు భోజనం, మధ్యలో లేస్తే మరునాటి దాకా మంచినీళ్ళే. ఇంకొకటి కూడా ఉంది. ఏ గుడి విగ్రహానికి కళ్ళు తెరుస్తామో ఆ గుడివాళ్ళ అన్నం, తెరిచేదాకా తినకూడదు. తింటే చెయ్యి మొహమాటపడుతుందని మా పెద్ద శిల్పి అంటాడు. వీటిలో ఏది తప్పినా, తప్పిందేమోనని మనసులో అనుమానం వచ్చినా, సూది ముట్టుకోకుండా వెనక్కి రావాలి.

విగ్రహాన్ని నంద్యాలకు తీసుకెళ్ళింది దీక్షలో పదో రోజున. పొద్దున లారీ ఎక్కించేటప్పుడు, సూది అందుకున్న ఆ కొత్త శిల్పి చేతిలో స్టీలు క్యారియరు కనిపించింది.

"ఏందప్పా అది?" అన్నాను.

"పెరుగన్నం మామా. మద్యాన్నానికి."

"పది దినాలాయె, పెరుగన్నమే తింటాండావు. ఈడ పెట్టు దాన్ని. ఈపొద్దు నంద్యాలలో నేను తినిపిస్తా. ఆ నైజీరియా హోటల్లో ఎగుసి అని గింజల కూర ఉండాది. కర్బూజ గింజలు నూరి, ఆకుకూరేసి చేస్తారు. నీసనే మాటే ల్యాదు."

"కచ్చితంగానా మామా?"

"రెండేండ్లు అదే తింటి గదప్పా."

బోర్డు మీద ఆ కూర బొమ్మ ఉంది. మిగతాది మనవరాలి ఫోనులో చూశాను. ఆ వీడియో పది నిమిషాలుంటే మూడో నిమిషంలో నాకు నిద్రపట్టింది. ఆ సంగతి చెప్పలేదు.

శిల్పి క్యారియరును షెడ్డులో ఒక రాతి పలక మీద పెట్టి వచ్చి లారీ ఎక్కాడు. మాతో వచ్చిన నాలుగో మనిషి విగ్రహాలకు నునుపు పట్టే ఆవిడ. అమ్మవారి ముఖాన్ని నెలరోజులు సాన రాయితో రుద్ది అద్దంలా చేసింది ఆమే. నాలుక కూడా అంత నునుపుగా ఉంటే బాగుండేది.

"సూడన్నా," అంది లారీలో. "ఈపొద్దన్నా నీ నైజీరియా ఎంతుండాదో తెల్సిపోతాది."

"తెల్సుకో తల్లీ," అన్నాను.

గుడి దగ్గర ఇనుప గొట్టాల మీద దొర్లించి విగ్రహాన్ని లోపలికి చేర్చేసరికి పన్నెండు దాటింది. ముఖానికి గుడ్డ కట్టి ఉంది. గుడివాళ్ళు భోజనానికి పిలిచారు. శిల్పి చేతులు జోడించి వద్దన్నాడు. ఎండ నెత్తి మాడుస్తోంది. ఒక్క పూట తినే మనిషి, పొద్దుటినుంచి బరువు మోసి ఉన్నాడు.

హోటల్ కాలేజీ కుర్రాళ్ళు గదులు అద్దెకు తీసుకునే వీధిలో ఉంది. మేం లోపలికి వెళ్ళేసరికి ఒక బల్ల దగ్గర ఇద్దరు నల్లటి విద్యార్థులు తింటున్నారు. వంటగదిలోంచి తెల్ల లాల్చీ వేసుకుని, నడుముకు గుడ్డ కట్టుకున్న మనిషి వచ్చాడు. నైజీరియా మనిషే, హోటల్ ఆయనదే. ఆరున్నర అడుగులు లేడు, నాకంటే కొంచెం పొడుగు. నేను ఇంగ్లీషులో ఏదో అనబోయాను.

"రాండి రాండి, ఫ్యాను కింద కూచోండి. ఎండ శానా ఉండాది," అన్నాడు.

డ్రైవరు నోరు తెరిచాడు. "నువ్వు తెలుగు మాట్లాడ్తాండావే అన్నా!"

"ఏడేండ్లాయె ఈడికొచ్చి. ఫార్మసీ సదివినా. మళ్ళా పోబుద్ది కాల్యా," అన్నాడాయన నవ్వుతూ.

ఆయనకు తెలుగు రాకపోయి ఉంటే నేను చేతులు తిప్పి, తల ఊపి, ఏదో ఒకటి గొణిగి గట్టెక్కేవాణ్ణి. ఇప్పుడు ఆయన అడిగిందీ నేను చెప్పిందీ మా వాళ్ళు ముగ్గురికీ అర్థమవుతుంది.

డ్రైవరు ఊరుకుంటాడా? లేచి నిలబడి, చెయ్యెత్తి, "అపాపా," అన్నాడు.

ఆయన ఆగాడు. "ఏందీ?"

"అపాపా. మీ దేశంలో అట్ల పలకరిస్తారంట కదా. మా తాత నేర్పించినాడు. రెండేండ్లు మీ ఊర్లోనే ఉండి వచ్చినాడు."

ఆయన నావైపు తిరిగాడు. నేను బల్ల మీది ఉప్పు డబ్బాను చూస్తున్నాను. ఒకసారి తలెత్తితే ఆయన కళ్ళు ఇంకా నా మీదే ఉన్నాయి. తెల్ల మీసాలు, పక్కన వయసులో చిన్నవాళ్ళు ముగ్గురు, నా చెమట, అన్నీ చూసినట్టున్నాడు.

"అపాపా," అన్నాడు మెల్లగా. "అవునప్పా. పెద్దాయన దిగింది ఆడనే అయ్యుంటాది. ఓడలన్నీ ఆడికే వస్తాయి."

డ్రైవరు మురిసిపోయాడు. నునుపు పట్టే ఆవిడ మొట్టమొదటిసారి నన్ను మర్యాదగా చూసింది. శిల్పి ముఖంలో మిగిలి ఉన్న కాస్త జంకు కూడా పోయింది. హోటలాయన నా పరువు కాపాడాలనుకున్నాడు. ఆ మంచితనంతోనే శిల్పి నన్ను పూర్తిగా నమ్మేశాడు.

"ఏం తెమ్మంటారు పెద్దాయనా?" అని ఆయన అడిగాడు.

"ఎగుసి కూర. తెల్ల ముద్ద. మా ఇతనికి మాంసం ముక్క తగలగూడదు."

"ముక్క ల్యాకుండా ఎయ్యొచ్చు. అయితే దాంట్లో..."

"నాకు తెల్సప్పా," అని మాట అడ్డుకున్నాను. "నువ్వు తీసుకురాపో."

ఆయన మాట పూర్తికానిచ్చి ఉంటే ఈ కథే లేదు. దాంట్లో ఏముందో నాకు తెలియదని బయటపడుతుందేమోనన్న భయం ఒక్కటే నాకప్పుడు.

చేతులు కడుక్కోవాలంటే వంటగది పక్కనుంచి పెరట్లోకి పోవాలి. ముందు నేను లేచాను. వంటగది గుమ్మం దాటుతుండగా వాసన తగిలింది. సంతలో ఎండుచేపల గంపల మధ్య నడిచినవాడికి ఆ వాసన ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన చిన్న రోట్లో ఏదో దంచుతున్నాడు.

"ఏందప్పా అది?"

"ఎండు రొయ్యలు పెద్దాయనా. దంచి పొడిచేసి అన్ని కూరల్లో ఏస్తాం. ఇది ల్యాకుంటే మా కూరకు రుచే రాదు, మీకు తెల్సు గదా."

"గింజల కూరలో గూడానా?"

"ఏసినా. ముక్క మాత్రం ఎయ్యల్యా, మీరు చెప్పినట్లే." నా ముఖం చూసి రోకలి ఆపాడు. "ఏమన్నా తప్పాయనా?"

అప్పుడు చెప్పి ఉండాలి. అక్కడ మేమిద్దరమే. దీక్ష ఉందప్పా, ఆ కూర వద్దు అంటే అయిపోయేది. కానీ ఆయన బయటికి వచ్చి, రొయ్యల సంగతి మీ పెద్దాయనకు ఇప్పుడే తెలిసింది అన్నాడంటే? ఇదంతా ఒక్క క్షణంలో ఆలోచించాను.

"ఏం ల్యాదప్పా," అన్నాను. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాను.

మావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చారు. శిల్పి తూర్పు ముఖంగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చున్నాడు. హోటలాయన కంచాలు తెచ్చి పెట్టాడు. తెల్లటి ముద్ద, మన సంగటి ముద్దలాగే గుండ్రంగా, నిగనిగలాడుతూ. పక్కన గిన్నెలో కూర, పైన ఎర్రటి నూనె తేలుతూ. వాసనకు డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

శిల్పి అరచేతిలో నీళ్ళు పోసుకున్నాడు.

నా లోపల లెక్కలు నడుస్తున్నాయి. తెలియకుండా తింటే దోషమేముంది? పాపమంటూ ఉంటే అది నాది. రేపు తెల్లారి అతను సూది పట్టుకుంటాడు, అనుమానం లేని మనిషికి చెయ్యి వణకదు, కళ్ళు తెరుచుకుంటాయి. ఎవరికీ ఏమీ తెలియదు. నేను నోరు మూసుకుంటే అందరూ బాగుంటారు. నోరు తెరిస్తే ఇతని భోజనం పోతుంది, నా రెండేళ్ళు పోతాయి. ఆరు నెలలుగా ఆ రాతి ముందు వంగి కూర్చున్నవాడి వీపు నాకు కనిపిస్తోంది. ఆ వీపును చూస్తూనే నేను లెక్కలు వేసుకుంటున్నాను.

అతను కంచం చుట్టూ నీళ్ళు తిప్పాడు. కళ్ళు మూసుకున్నాడు.

నేను గమ్మునున్నాను.

అతను కళ్ళు తెరిచి ముద్దలోంచి కొంచెం తుంచాడు. వేళ్ళతో అదిమి గిన్నె వైపు తీసుకెళ్ళాడు.

ఇక్కడ జరిగింది షెడ్డులో కొందరికి వేరుగా చెప్పాను. చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకుని, ఆగు, అని గట్టిగా అన్నానని చెప్పాను. అట్లా చేసి ఉంటే నాకు ఇది రాసే పనే లేదు. నేను చేసింది ఇది. మోచేత్తో నీళ్ళ జగ్గును తోశాను. జగ్గు అతని కంచంలోకి పడింది. కూర, ముద్ద, నీళ్ళు, అంతా ఒకటైంది.

"ఏమన్నా, చేతులు పడిపోయినాయా నీకు?" అని నునుపు పట్టే ఆవిడ లేచి కొంగుతో బల్ల తుడిచింది. "పొద్దన్నించి పస్తుండే మనిషి గదా ఆయప్ప."

శిల్పి చొక్కా తడిసింది. కుర్చీలోంచి లేవలేదు. లేస్తే ఆ రోజు భోజనం అక్కడితో సరి. తడి కంచం ముందు చెయ్యి అట్లాగే పెట్టుకుని, నా వైపు చూసి నవ్వాడు.

"పోనీలే మామా. చెయ్యి వణికింటాది. మన పెద్ద శిల్పికీ ఇట్లనే గదా."

హోటలాయన అప్పటికే కంచం తీసేశాడు. "దానికేముంది, ఇంకొకటి తెస్తా. కూర్చోండి, లేయాకండి."

నేను అనుకున్నది వేరు. కంచం పాడైతే భోజనం అయిపోయినట్టే, అతను నీళ్ళు తాగి ఊరుకుంటాడు, రొయ్యల మాట లేకుండా గడుస్తుంది అనుకున్నాను. ఇంకొక కంచం వస్తుందని నాకు తట్టలేదు. వచ్చింది. వేడిగా, మొదటిదానికంటే నిండుగా.

"ఈసారి కూర ఎక్కువేసినా," అన్నాడాయన శిల్పితో. "ఆకలి మీదుండావు."

బల్ల మీద ఇంకొక జగ్గు లేదు. శిల్పి వేళ్ళు మళ్ళీ ముద్దలోకి వెళ్ళాయి. నా చెయ్యి వణికిందని అతను నమ్మాడు. మా పెద్ద శిల్పి చేతి వణుకును తీసుకొచ్చి నా దొంగ చేతి పక్కన పెట్టాడు. దానికి తట్టుకోలేకపోయాను.

"అప్పా, అది తినాకు," అన్నాను.

"ఎందుకు మామా?"

"దాంట్లో ఎండు రొయ్యల పొడి ఉండాది."

అతని చెయ్యి గాల్లో ఆగిపోయింది. డ్రైవరు నోట్లో ముద్ద ఉంది, మింగలేదు.

"నీసు ల్యాదంటివే," అంది ఆవిడ. "రెండేండ్లు తింటినంటివే."

"తినలేదు. నేనా దేశం పోలేదు. మద్రాసు దాంక పోతి. ఆడ్నించి చాగలమర్రి పోయి మా అక్క ఇంట్లో కూచుంటి."

"మరి అపాపా?" అన్నాడు డ్రైవరు.

"అది రేవు పేరు రా. పెట్టె మీద రాసింటి."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. హోటలాయన వైపు తిరిగి, "నిజమేనా అన్నా?" అన్నాడు.

"రేవే," అన్నాడాయన. "పెద్దాయనను నలుగుర్లో చిన్నబుచ్చేదెందుకని గమ్మునుంటి. తప్పు నాది గూడా. దీక్షని తెల్సింటే అప్పుడే చెప్పిందును."

"నీ తప్పేం ల్యాదప్పా," అన్నాను. "నువ్వు చెప్పబోతివి. నేనే చెప్పనియ్యల్యా."

శిల్పి తుంచిన ముద్దను కంచం అంచున పెట్టాడు. నన్నే చూస్తూ, చాలా మెల్లగా అడిగాడు.

"రొయ్యలు నువ్వెప్పుడు సూస్తివి మామా?"

ఇప్పుడే వాసన పట్టానని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

"చేతులు కడుక్కోబోయినప్పుడు."

"నేను నీళ్ళు తిప్పకముందేనా?"

"ముందే."

"జగ్గు?"

"అది పడలేదప్పా. నేనే తోస్తి."

తల ఊపాడు. రాతిలో పగులు ఎక్కడిదాకా పోయిందో తట్టి చూసినప్పుడు మా వాళ్ళు ఊపినట్టు. తర్వాత డ్రైవరుతో ఫోను తెప్పించుకుని, కూర్చున్నచోటునుంచే మా పెద్ద శిల్పికి చేశాడు. జరిగింది నాలుగు మాటల్లో చెప్పాడు. నా పేరు పెట్టి నిందించలేదు. మామ పొరబాటు పడినాడు అని మాత్రం అన్నాడు. ఫోను గట్టిగా వినిపించేటట్టు పెట్టి ఉంది.

"నోట్లో పడిందా?" అంది ఫోనులోని గొంతు.

"ల్యాదు."

"లేస్తివా?"

"ల్యాదు. కూచోనే ఉండా."

"అనుమానం ఉండాదా నీకు?"

ఫ్యాను తిరుగుతోంది. పక్క బల్ల దగ్గరి విద్యార్థులిద్దరూ తినడం ఆపి మమ్మల్నే చూస్తున్నారు. భాష తెలియకపోయినా ఏదో జరుగుతోందని వాళ్ళకూ అర్థమైంది. ఉంది అంటే ఆ సూది ఆళ్ళగడ్డకు తిరిగి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడిస్తారో, అసలు ఇస్తారో లేదో. అమ్మవారు ముఖానికి గుడ్డతో అట్లాగే ఉండిపోతుంది.

"కూర మీద ఉండాది," అన్నాడు చివరికి. "నా మీద ల్యాదు."

"అయితే దొరికింది తిను. తెల్లార్తో పని చూడు," అని ఫోను పెట్టేశాడు పెద్ద శిల్పి. నా ఊసెత్తలేదు.

శిల్పి హోటలాయన వైపు తిరిగాడు. నేను పొద్దుటినుంచి ఎవర్నీ అడగనివ్వని ప్రశ్న అతను రెండు ముక్కల్లో అడిగేశాడు.

"అన్నా, ఈ తెల్ల ముద్దలో ఏముండాది?"

"గడ్డ పిండి, నీళ్ళు. ఉప్పు గూడా ఎయ్యం."

"గిన్నె?"

"వేరే గిన్నె. దాంట్లో ఇంకేం వండం. వచ్చి చూడంటే లేయగూడదు గదా, ఉండు," అని ఆయనే లోపలికి వెళ్ళి గిన్నె తెచ్చి చూపించాడు. చేతులు కడుక్కుని, కొత్త కంచం మళ్ళీ తోమి, ముద్ద మళ్ళీ కలిపి తెచ్చాడు. పక్కన కాస్త ఉప్పు పెట్టాడు. శిల్పి ఉప్పు అద్దుకుని తిన్నాడు. నమలకుండా, సంగటి మింగినట్టు మింగాడు. మాకు సంగటి అట్లాగే అలవాటు.

"అదే అదే," అన్నాడు హోటలాయన. "మేమూ నమలం."

"సంగటి మాదిరే ఉండాది," అన్నాడు శిల్పి. నాతో కాదు, ఆయనతో.

మిగతా మేం ముగ్గురం రొయ్యల కూర తిన్నాం. నేనూ తిన్నాను. సిగ్గుతో గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది. చాలా బాగుంది. ఆవిడ గిన్నె నాకినంత పని చేసి, "అన్నా, నువ్వు పోకపోయినా ఊరు మంచిదే ఎంచుకుంటివి," అంది. అప్పుడు డ్రైవరు నవ్వాడు. శిల్పి నవ్వలేదు.

మరునాడు తెల్లవారకముందే గుడిలో తెర కట్టారు. పూజారులు బయటే ఉన్నారు. ఆ కాసేపు విగ్రహం శిల్పులది. కళ్ళు తెరుచుకోగానే తొలిచూపు మనిషి మీద పడకుండా ఎదురుగా అద్దం పట్టాలి. మా షెడ్డులో ఆ అద్దం ఎప్పుడూ నేనే పట్టుకునేవాణ్ణి. సంచిలోంచి తీసి తువ్వాలుతో తుడుస్తున్నాను. శిల్పి వచ్చి చెయ్యి చాచాడు. ఇచ్చాను. దాన్ని తీసుకెళ్ళి నునుపు పట్టే ఆవిడ చేతిలో పెట్టాడు.

"నేనా?" అందామె.

"నువ్వే అక్కా. ఆ ముఖం నీకు తెల్సు."

నావైపు తిరిగి, "మామా, నువ్వు బయట కూచో," అన్నాడు. కోపం లేదు. బరువు ఎత్తేటప్పుడు ఎవరు ఏ వైపు నిలబడాలో చెప్పినట్టు చెప్పాడు.

తెర బయట మెట్టు మీద, చెప్పుల పక్కన కూర్చున్నాను. లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఇంతసేపు ఎందుకు? నిన్నటిది గుర్తొచ్చిందా? సూది కింద పెట్టేశాడా? లేచి తెర పక్కకు తీయాలనిపించి రెండుసార్లు లేచాను. రెండుసార్లూ కూర్చున్నాను. తర్వాత ఉలి దెబ్బ వినిపించింది. చిన్నది, గోరుతో పలకను తట్టినట్టు. ఇంకొకటి. ఆగి, మళ్ళీ రెండు. తర్వాత ఆవిడ ఊపిరి గట్టిగా పీల్చుకోవడం వినిపించింది. తెర తీశారు. గంటలు మోగాయి. జనం ముందుకు తోసుకున్నారు.

అతను పక్క గుమ్మంలోంచి బయటికి వచ్చాడు. నేరుగా గుడివాళ్ళు పెట్టిన అన్నం దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. కంచంలో చెయ్యి పెట్టి, నా వైపు చూసి, పక్కన జాగా చూపించాడు. వెళ్ళి కూర్చున్నాను.

ఆళ్ళగడ్డకు వచ్చాక షెడ్డులో అందరూ నన్నే అడిగారు, ఎట్లా తెరిచాడు, అమ్మవారు ఎట్లా చూసింది అని. అట్లాంటివి నేనే బాగా చెప్తానని వాళ్ళకు నమ్మకం. చూపు సూటిగా వచ్చి నా మీద పడిందని చెప్పడానికి నోరు తెరిచాను.

"తెర బయటుంటి," అన్నాను. "నాకు కనపల్యా. అద్దం పట్టిన ఆయమ్మనడగండి."